కంటి గుట్టు విప్పిన ఇబ్నుల్ హైసమ్

ఈ ఏడాది సావనీరుకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శి గారు నన్ను అడిగారు. నేను ఉర్దూ మీడియం మాస్టరును. తెలుగులో నా కలం అంత సాఫీగా నడవదు. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించగలరు.

ఎవరి గురించి రాయాలా అని ఆలోచిస్తే, నా తప్పు ఒకటి గుర్తుకొచ్చింది. పదేళ్లు దాటిన మాట. ఆ ఏడు షబే బరాత్ వానాకాలంలో వచ్చింది. మసీదు ఆవరణలో పెద్దలు నమాజులో, తిలావతులో ఉన్నారు. పిల్లలు నిద్ర ఆపుకోవడానికి గోడ పక్కన కూర్చుని ఆకాశం చూస్తున్నారు. మబ్బు పలచగా, ముక్కలు ముక్కలుగా పోతోంది. ఆరో తరగతి కుర్రాడొకడు నా దగ్గరికొచ్చి, సార్, చంద్రుడు ఎందుకట్లా పరిగెడుతున్నాడు అని అడిగాడు. నేను పైకి చూశాను. నిజమే, నాకూ పరిగెడుతున్నట్టే ఉంది. జవాబు తెలియలేదు. తెలియదని చెప్పడానికి మనసొప్పలేదు. ఇబాదత్ రాత్రి పిచ్చి ప్రశ్నలేమిటిరా, పోయి కూర్చో అని కసురుకున్నాను. వాడు మళ్లీ నన్నేమీ అడగలేదు. ఆ రాత్రే కాదు, ఆ ఏడాదంతా క్లాసులో కూడా అడగలేదు.

ఆ తర్వాత చాలా రోజులకు తెలిసింది ఏమిటంటే, ఆ పిచ్చి ప్రశ్ననే వెయ్యేళ్ల కిందట ఒక మహా పండితుడు తన గ్రంథంలో పెట్టుకుని జవాబు రాశాడని. ఆయనే అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. యూరప్ వాళ్లు అల్ హసన్ అన్న పేరును తమ నోటికి తగ్గట్టు తిప్పి అల్ హజెన్ అన్నారు.

ఆయన క్రీ.శ. 965 ప్రాంతంలో, అంటే హిజ్రీ 354లో, ఇరాక్ దేశపు బస్రా పట్నంలో జన్మించారు. బస్రా అప్పుడు ఓడల రేవు, వర్తకుల ఊరు, వాదోపవాదాల ఊరు. యూక్లిడ్ రేఖాగణితం, టాలెమీ ఖగోళం, గాలెన్ వైద్యం అప్పటికే అరబ్బీలోకి వచ్చేశాయి. ఇబ్నుల్ హైసమ్ వాటన్నిటినీ చదివారు. చదివి ఊరుకోలేదు. చదివిన ప్రతిదాన్నీ అనుమానించారు. పెద్దలు రాసింది గదా అని తల ఊపకూడదని, సత్యాన్ని వెతికేవాడు పూర్వుల మాటను నలువైపుల నుంచీ పరీక్షించాలని, ఆ పరీక్ష చేసేటప్పుడు తన మీద తనకు కూడా అనుమానం ఉండాలని ఆయన అభిప్రాయం. టాలెమీ మీద తన సందేహాలను ఏకంగా ఒక పుస్తకంగా రాశారు. ఆ కాలంలో టాలెమీని తప్పు పట్టడం మామూలు సంగతి కాదు.

ఆయన జీవితంలో అందరూ చెప్పుకునే ఘట్టం నైలు నదిది. ఈ కథను మనకు అందించింది ఇబ్నుల్ కిఫ్తీ అనే చరిత్రకారుడు. ఆయన కన్నుమూసింది 1248లో, అంటే ఇబ్నుల్ హైసమ్ పోయిన రెండు వందల ఏళ్లకు. కనుక ఈ కథకు కొంత ఉప్పూ కారం చేరి ఉండవచ్చు. ఆ సంగతి మనసులో పెట్టుకుని వినండి.

నైలు నది ఒక ఏడు పొంగి ముంచేది, ఒక ఏడు ఎండి చంపేది. నేనే గనక మిస్రులో ఉంటే ఆ నది పొంగినా తగ్గినా జనానికి మేలు జరిగేట్టు ఏర్పాటు చేసేవాణ్ణని ఇబ్నుల్ హైసమ్ ఇరాక్‌లో ఉండగా అన్నారట. ఆ మాట కైరోలో ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ చెవిన పడింది. ఖలీఫా రహస్యంగా డబ్బు పంపి పిలిపించాడు. ఊరి బయటి దాకా తానే ఎదురొచ్చి స్వాగతం చెప్పాడంటారు.

ఈ హాకిమ్ గురించి రెండు మాటలు చెప్పాలి. కైరోలో 1005లో దారుల్ ఇల్మ్ అనే గొప్ప గ్రంథాలయం పెట్టించింది ఆయనే. ఇబ్నె యూనుస్ వంటి ఖగోళ పండితుణ్ణి పోషించిందీ ఆయనే. అదే మనిషి, కోపం వస్తే వజీర్ల తలలు తీయించేవాడు. మిస్రు జనం ఇష్టంగా తినే ములూఖియా అనే ఆకుకూరను ఒకనాడు నిషేధించాడు. ఊళ్లో కుక్కలన్నిటినీ చంపమన్నాడు. ఏ పొద్దు ఏ హుకుం వస్తుందో ఎవరికీ తెలియదు. అట్టి ప్రభువుకు మాట ఇచ్చి, పనివాళ్లను వెంటబెట్టుకుని ఇబ్నుల్ హైసమ్ నది వెంబడి దక్షిణానికి బయలుదేరారు.

దారి పొడుగునా ఆయన చూసింది ఏమిటి? పురాతన మిస్రు వాళ్లు కట్టిన ఆలయాలు, సమాధులు. రాళ్ల కొలత ఎక్కడా వెంట్రుక వాసి తప్పలేదు. ఇంతటి లెక్క, ఇంతటి పనితనం తెలిసిన వాళ్లకు ఈ నదిని ఆపడం సాధ్యమైతే ఎప్పుడో ఆపి ఉండేవాళ్లు గదా అని ఆయనకు తట్టింది. అస్వాన్‌కు పైన జనాదిల్ అనే చోటికి చేరి, నీళ్లు ఎత్తు నుంచి పడే ఆ తావును అన్ని వైపుల నుంచీ పరిశీలించారు. తాను అనుకున్న పని అక్కడ కుదరదని తేలిపోయింది.

అక్కడే ఆగి కాసేపు ఆలోచించండి. మీరైతే ఏం చేస్తారు? నాలుగు రాళ్లు పేర్చి, ఏదో గట్టు కట్టినట్టు చూపించి, ఇనాము తీసుకుని జారుకోవడం ఆ రోజుల్లోనూ తెలిసిన విద్యే. ఆయన వెనక్కి వచ్చి, నా వల్ల కాదు, నా లెక్క తప్పింది అని ఒప్పుకున్నారు. తల తీయించే అలవాటున్న ఖలీఫా ఎదుట! ఆయన రాసిన గ్రంథాలకంటే ఈ ఒక్క ఒప్పుకోలు నాకు పెద్దదిగా కనిపిస్తుంది. ఒక ఆరో తరగతి పిల్లవాడి ముందు తెలియదని చెప్పలేకపోయిన మనిషిని నేను.

(అస్వాన్ దగ్గర ఆనకట్ట 1902లో గానీ పూర్తికాలేదు. ఆ పైన పెద్ద ఆనకట్ట 1970లో పూర్తయింది. యంత్రాలూ సిమెంటూ వచ్చాక జరిగిన పని అది. కనుక పదకొండో శతాబ్దంలో కాదన్నది తప్పు మాట కాదు.)

ఖలీఫా పైకి ఆ క్షమాపణను అంగీకరించాడు. ఏదో దివానులో ఉద్యోగం కూడా ఇచ్చాడు. కానీ ఇబ్నుల్ హైసమ్‌కు ప్రాణభయం పట్టుకుంది. ఉద్యోగం వద్దంటే ప్రమాదం, చేస్తే అంతకన్నా ప్రమాదం. చివరికి పిచ్చి పట్టినట్టు నటించారు. పిచ్చివాణ్ణి షరీఅత్ శిక్షించదు గదా. ఆయన ఆస్తిని సర్కారు స్వాధీనం చేసుకుంది, కాపలా పెట్టింది, ఆయన్ను ఇంట్లోనే ఒక గదిలో కట్టడి చేసింది. హాకిమ్ 1021లో ఒక రాత్రి ముకత్తమ్ కొండల వైపు వెళ్లి మాయమయ్యేదాకా ఆ నాటకం సాగింది. ఆ తర్వాతే ఇబ్నుల్ హైసమ్ పిచ్చి కుదిరింది.

బయటికి వచ్చి ఆయన జామె అజ్‌హర్ వాకిలి దగ్గర ఒక చిన్న గదిలో కాపురం పెట్టారు. జీతం లేదు, జాగీరు లేదు. ఏడాదికోసారి యూక్లిడ్ గ్రంథాన్ని, టాలెమీ అల్ మజిస్తీని, మధ్యలో చదవాల్సిన మరికొన్ని పుస్తకాలను తన చేత్తో నకలు రాసి నూట యాభై దీనార్లకు అమ్మేవారట. బేరం లేదు. ఆ డబ్బుతోనే ఏడాది గడిపేవారు.

మాస్టరును గనక ఇంకో చిన్న కథ చెప్పకుండా ఉండలేను. దీన్ని బైహఖీ రాశాడు. సుర్ఖాబ్ అనే ఒక ప్రభువు చదువు చెప్పమని వచ్చాడట. నెలకు వంద దీనార్లు ఫీజు అడిగారట ఇబ్నుల్ హైసమ్. ఆ ప్రభువు మూడేళ్లు చదివాడు, ప్రతి నెలా కట్టాడు. చదువు పూర్తయి వెళ్లే రోజున ఆ సొమ్మంతా తిరిగి ఆయన చేతిలో పెట్టేశారు. ఇల్మ్ కంటే నీకు డబ్బు ప్రియమా కాదా అని చూశాను, మంచి నేర్పినందుకు కూలి పుచ్చుకోరాదు అన్నది ఆయన భావం. ఫీజుల గురించి మన సొసైటీ మీటింగుల్లో ఎంత గొడవ జరుగుతుందో మీకు తెలుసు, నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఆయన కీర్తి నిలిచిన గ్రంథం కితాబుల్ మనాజిర్. ఏడు సంపుటాలు. చూపు గురించి, వెలుగు గురించి, అద్దాల్లో ప్రతిబింబాల గురించి, నీళ్లలో కర్ర వంగినట్టు కనిపించడం గురించి. ఈ గ్రంథం మొత్తం ఆ గదిలో బందీగా ఉన్నప్పుడే రాశారని చాలామంది రాస్తారు, వినడానికి బాగుంటుంది. పరిశోధకులు మాత్రం దీన్ని అంతకు తర్వాతి సంవత్సరాలకు, అంటే అజ్‌హర్ వాకిట్లో నకళ్లు రాసుకునే రోజులకు చెందిన కృషి అంటున్నారు.

అంతవరకు యూక్లిడ్, టాలెమీ వంటి గ్రీకు గణితకారుల మతం ఏమిటంటే, కంట్లోంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయి, అందుకే అది కనిపిస్తుందని. ఇబ్నుల్ హైసమ్ దీన్ని ఒప్పుకోలేదు. సూర్యుణ్ణి చూస్తే కన్ను ఎందుకు నొస్తుంది? కాసేపు వెలుగు చూసి కన్ను మూసుకుంటే ఆ వెలుగు ఇంకా కనిపిస్తుందెందుకు? బయటి నుంచి ఏదో లోపలికి వచ్చిందన్న మాటే గదా. చీకటి గదికి ఒక చిన్న రంధ్రం ఉంచి, బయట వేర్వేరు తావుల్లో దీపాలు పెట్టి చూపించారు. ఎన్ని దీపాలో లోపల గోడ మీద అన్ని వెలుగు మచ్చలు. ఒక దీపానికి అడ్డం పెడితే దాని మచ్చే పోతుంది, మిగతావి ఉంటాయి. అన్ని వెలుగులూ ఒక్క రంధ్రంలోంచి వచ్చినా ఒకదాంతో ఒకటి కలిసిపోవు.

మన ఉపన్యాసకులు కొందరు వేదికనెక్కి ఆయన కెమెరా కనిపెట్టాడంటారు. అది సరి కాదు. కంటి లోపలి తెరమీద బొమ్మ తలకిందులుగా పడుతుందని కూడా ఆయనకు తెలియదు. కంటి మధ్యలోని స్ఫటికంలాంటి భాగమే చూస్తుందని అనుకున్నారు. ఆ గుట్టు 1604లో కెప్లర్ విప్పాడు. తనను పొగడడానికి అబద్ధం అక్కర్లేదు, ఆయన చేసింది చాలు.

ఆయన చేసిన దాంట్లో నన్ను పట్టుకున్నది కదలిక గురించిన భాగం. కన్ను గ్రహించే గుణాలు ఇరవై రెండు అని లెక్క వేశారు. రంగు, ఆకారం, దూరం, పరిమాణం, అందం, వికారం వగైరా. వాటిలో కదలిక ఒకటి, నిలకడ ఒకటి. కదలిక ఎలా తెలుస్తుంది? పోల్చి చూడటం వల్ల తెలుస్తుందంటారు. కదిలే వస్తువును చుట్టూ ఉన్న అనేక వస్తువులతోనో, ఒక్క వస్తువుతోనో, ఏదీ లేకపోతే చూసే కంటితోనో పోల్చి, ఇది ఫలానా వైపు పోతోందని మనసు తీర్పు చెబుతుంది. రెండో మాట, కదలిక క్షణంలో తెలిసేది కాదు. వస్తువు ఇక్కడ ఉండటం చూడాలి, తర్వాత అక్కడ ఉండటం చూడాలి, మధ్యలో కాలం గడవాలి. అందుకే నక్షత్రాలు కదిలేది చూస్తే తెలియదు, గంట తర్వాత చూస్తే తెలుస్తుంది. బొంగరం మీద రంగురంగుల చుక్కలు పెట్టి తిప్పితే ఆ రంగులన్నీ కలిసి ఒకే రంగులా కనిపిస్తాయని కూడా రాశారు. మన గల్లీల్లో పిల్లలు రోజూ చూసేదే. ఆయన దాన్లోంచి పాఠం తీశారు: కంటికి కూడా గ్రహించడానికి వ్యవధి కావాలని.

ఇక చంద్రుడి సంగతి. మబ్బులు వేగంగా పోతుంటే కన్ను చంద్రుణ్ణి మబ్బుతో పోల్చుకుంటుంది. ఇద్దరి మధ్య దూరం మారుతోంది. మారింది నిజం, కానీ ఎవరు కదిలారన్న తీర్పులో పొరపాటు పడుతుంది. తప్పు కంటిది కాదు, తీర్పుది. ఆగిన రైల్లో కూర్చుని పక్క పట్టాల మీద రైలు కదిలితే మనదే కదిలిందని ఉలిక్కిపడతామే, అదే.

ఇంకో సూక్ష్మం చూడండి. మీరు తల తిప్పితే, కన్ను అటూ ఇటూ తిప్పితే, గదిలోని గోడలన్నీ కంట్లో జరుగుతాయి. అయినా గోడలు కదిలాయని ఎవరూ అనుకోరు. ఎందుకని? ఇబ్నుల్ హైసమ్ ఈ ప్రశ్న కూడా వేసుకున్నారు. నిలిచి ఉన్న వస్తువుల రూపాలు కంట్లో జరగడం చూపుకు అలవాటైపోయింది గనక పట్టించుకోదని చెప్పారు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దీన్ని మరికొంత ముందుకు తీసుకుపోయాడు. కంటి కండరాలకు తిరగమని మెదడు హుకుం పంపినప్పుడు ఆ హుకుం సంగతి మెదడుకే తెలుసు గనక లెక్క సరిచేసుకుంటుంది. పరీక్షించాలంటే ఒక కన్ను మూసి, రెండో కంటి రెప్ప అంచును వేలితో మెల్లగా, చాలా మెల్లగా నొక్కి చూడండి. లోకం కదులుతుంది. ఎందుకంటే ఇప్పుడు కన్ను కదిలింది మెదడు హుకుంతో కాదు.

కుడికా ఎడమకా అన్న దిక్కు ఎలా తెలుస్తుందన్నది మాత్రం మన కాలంలోనే తేలింది. 1956లో హాసెన్‌స్టైన్, రైఖార్ట్ అనే ఇద్దరు జర్మన్లు ఒక పురుగు చూపును పరిశీలించి ఒక ఏర్పాటు ఊహించారు. నా మాటల్లో చెబుతాను. ఒక వీధిలో ఇద్దరు కాపలావాళ్లు ఉన్నారనుకోండి. మొదటివాడు ఎవరైనా తన ముందు నుంచి పోతే కబురు నడిచి పంపుతాడు. రెండోవాడు సైకిల్ మీద పంపుతాడు. మసీదు దగ్గర కూర్చున్న పెద్ద, రెండు కబుర్లు ఒకేసారి చేరితేనే లేస్తాడు. మొదటివాడి వైపు నుంచి రెండోవాడి వైపు మనిషి పోతే, ముందు బయలుదేరిన నడక కబురు, తర్వాత బయలుదేరిన సైకిల్ కబురు ఒకేసారి చేరతాయి. పెద్ద లేస్తాడు. అదే మనిషి ఎదురు దిక్కు నుంచి వస్తే సైకిల్ ఎప్పుడో చేరిపోతుంది, నడక కబురు ఎప్పటికో వస్తుంది. పెద్ద కదలడు. కంటిలోని రెండు చుక్కలు, మెదడులోని ఒక కణం, మధ్యలో చిన్న ఆలస్యం. దిక్కు గుర్తించడానికి ఇంతే చాలు. ఇబ్నుల్ హైసమ్ చెప్పిన ఆ వ్యవధి ఇక్కడ కూడా ఉందని గమనించండి.

హ్యూబెల్, వీజెల్ అనే వారు అమెరికాలో పిల్లి మెదడులో సన్నని తీగ గుచ్చి, గీత ఒక దిక్కుకు జరిగితేనే స్పందించి, ఎదురు దిక్కుకు జరిగితే మౌనంగా ఉండే కణాలను చూశారు. 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కణాలు మనలాగే అలిసిపోతాయి. 1834లో స్కాట్లాండులో రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన ఫోయర్స్ జలపాతాన్ని తదేకంగా చూసి, పక్కనున్న బండల మీదికి చూపు తిప్పితే బండలు పైకి ఎక్కుతున్నట్టు కనిపించాయి. కిందికి పోయేదాన్ని గుర్తించే కణాలు అలిసి ఊరుకుంటే, పైకి పోయేదాన్ని గుర్తించేవాటి మాట నెగ్గుతుంది.

ఈ శక్తి పోతే ఏమవుతుందో 1983లో జర్మనీ వైద్యులు ఒక స్త్రీ గురించి ప్రకటించారు. మెదడు వెనుక భాగం రెండు పక్కలా దెబ్బతిని ఆమెకు కదలిక మాత్రం కనిపించకుండా పోయింది. రంగులు కనిపిస్తాయి, మనుషులు గుర్తుపట్టగలదు. కప్పులో టీ పోస్తుంటే ధార గడ్డకట్టినట్టు నిలిచి ఉంటుంది, ఎప్పుడు ఆపాలో తెలియక పొంగిపోతుంది. రోడ్డు దాటబోతే దూరంగా ఉన్న కారు మరుక్షణం మీదికి వచ్చి ఉంటుంది. ఇది చదివిన రోజు నేను ఇంటికి పోయి చాయ్ పోసుకుంటూ ఆ ధారనే చూస్తూ నిలబడ్డాను. మా ఇంట్లో వాళ్లు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. రోజుకు ఎన్నిసార్లు పొందే నేమతో, ఒక్కసారైనా షుకర్ చెప్పామా?

ఇబ్నుల్ హైసమ్ 1040 ప్రాంతంలో కైరోలోనే పరమపదించారు. కిబ్లా దిక్కును లెక్కతో కనుక్కునే పద్ధతి మీద కూడా ఒక రచన చేశారు. కితాబుల్ మనాజిర్‌ను ఆయన అల్లుడే 1083-84లో బస్రాలో నకలు రాశాడు, ఆ ప్రతి ఇస్తాంబుల్‌లో ఉంది. గ్రంథం 1200 ప్రాంతంలో లాటిన్‌లోకి పోయింది. 1572లో బాజెల్ పట్నంలో అచ్చయింది. రోజర్ బేకన్ మొదలు కెప్లర్ దాకా అందరూ దాన్ని చదివినవారే. మన తూర్పు దేశాల్లో మాత్రం చాలాకాలం ఎవరూ పెద్దగా ముట్టలేదు. రెండున్నర శతాబ్దాల తర్వాత ఇరాన్‌కు చెందిన కమాలుద్దీన్ ఫారిసీ దానికి వ్యాఖ్యానం రాశారు, తన్ఖీహుల్ మనాజిర్ అని.

ఆ వ్యాఖ్యానం రెండు సంపుటాలుగా అచ్చయింది ఎక్కడో తెలుసా? మన హైదరాబాదులో. 1888లో పుట్టిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1928 - 1930 మధ్య దాన్ని ప్రచురించింది. 1938 ప్రాంతంలో ఇబ్నుల్ హైసమ్ చిన్న రచనలను కూడా ఒకచోట కూర్చి వేసింది. అరబ్బీలో ఈయన గురించి పని చేసే ప్రపంచ పండితులు హైదరాబాదు ప్రతిని తిరగేయక తప్పలేదు. నేను ఇన్నేళ్లు మాస్టరుగిరీ చేసి, ఆ సంస్థ ఉన్న ఉస్మానియా యూనివర్సిటీ ముందు నుంచి ఎన్నిసార్లు బస్సులో పోయానో లెక్కలేదు. ఒక్కనాడు దిగలేదు. దిగింది మొన్న మొన్ననే.

పోయిన వానాకాలంలో ఒక పున్నమి రాత్రి ట్యూషన్ పిల్లలను మేడ మీదికి తీసుకెళ్లాను. మబ్బులు పోతున్నాయి. చంద్రుడు పరిగెడుతున్నాడా అని ఈసారి నేనే అడిగాను. అవును సార్ అన్నారు అందరూ. బట్టలు ఆరేసే తీగ కిందికి తీసుకెళ్లి, తల కదపకుండా చంద్రుణ్ణి ఆ తీగకు ఆనించి చూడమన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక చిన్నది, సార్, తీగ దగ్గరే ఉన్నాడు, మబ్బే పోతోంది అంది. అంతలోనే ఇంకొకడు, మరి తీగ కదలట్లేదని మనకెట్లా తెలుసు సార్ అన్నాడు. నాకు తెలియదురా, రేపు చూద్దాం అన్నాను.